పూటకూళ్లవాడి లెక్క

లూకా సువార్త పదో అధ్యాయంలో రెండు ప్రయాణాలున్నాయి. మొదటిది, యేసు డెబ్బై మందిని ఇద్దరిద్దరుగా ఊళ్లకు పంపడం. రెండోది, యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగల దెబ్బలకు పడిపోయిన మనిషిని ఒక సమరయుడు ఆదుకోవడం. పేదల పల్లెలకు సేవాయాత్ర కట్టే క్రైస్తవ బృందాలు తరచుగా తలచుకునేది ఈ రెండోదాన్నే. అదీ సగమే తలచుకుంటారు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టిన దగ్గర ప్రసంగం ఆగిపోతుంది. కథ మాత్రం ఇంకా నడుస్తుంది. సమరయుడు ఆ మనిషిని ఒక పూటకూళ్లవాడి ఇంటికి చేర్చాడు, ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానని తన దారిన వెళ్లిపోయాడు. ఆ తర్వాత కట్లు మార్చింది, గంజి కాచి పోసింది, రాత్రిళ్లు మూలుగు విని లేచింది ఆ పూటకూళ్లవాడే అయ్యుండాలి. లోకమంతటా మంచి సమరయుడి పేరుతో ఆసుపత్రులు వెలిశాయి. పూటకూళ్లవాడి పేరుతో ఒక్కటైనా ఉన్నట్టు వినలేదు. సమరయుణ్ని తక్కువ చేయాలని కాదు ఈ మాట. తాను ఉండిపోలేనని అతనికి తెలుసు. అందుకే ఉండేవాడి చేతికి డబ్బిచ్చి, లెక్క అతనికే వదిలి, బాకీ తన మీద పెట్టుకున్నాడు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి వచ్చే సేవాయాత్రలను తూచడానికి ఈ రెండో సగం కథ పనికొస్తుందని నా నమ్మకం.

ఈ యాత్రల తీరు తెలిసిందే. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై సంఘాల నుంచి యువజనులు, కొన్నిసార్లు అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు, ఎప్పుడో ఒకసారి విదేశీయులు సెలవులు కలుపుకొని వారం పది రోజులకు వస్తారు. పిల్లలకు బైబిలు పాటలు, పాఠశాల గోడలకు రంగులు, నోటుపుస్తకాలు, దుప్పట్లు, ఒకరోజు వైద్య శిబిరం, సాయంత్రం మైకుపెట్టి కూటం. ఆ మనుషుల మంచితనాన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. సెలవులను సముద్రతీరంలో గడపగలిగిన పిల్ల చాగలమర్రి ఎండలో చీపురు పట్టిందంటే అది చిన్న విషయమేమీ కాదు. నా ప్రశ్న వేరు. ఆ వారంలో ఆ ఊళ్లో ఇల్లుగలవాళ్లు ఎవరు, చుట్టాలు ఎవరు? వచ్చినవాళ్లు పెట్టేవాళ్లుగా, ఉన్నవాళ్లు పుచ్చుకునేవాళ్లుగా కూర్చున్నారంటే, తమ ఊళ్లోనే తాము అతిథులైపోయారన్నమాట. క్రైస్తవ సేవాయాత్ర క్రైస్తవం కావాలంటే ఈ వరస తిరగబడాలి. వెళ్లేవాడు చుట్టంగా వెళ్లాలి, ఇవ్వదలచుకున్నది ఉండేవాళ్ల చేతుల మీదుగా, వాళ్ల లెక్కలో, వాళ్లు వద్దంటే మానుకునే షరతు మీద ఇవ్వాలి.

ఈ ప్రాంతానికి ఇది కొత్త చర్చ కాదు. 1701లో ఇంగ్లండులో పుట్టిన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పంతొమ్మిదో శతాబ్దంలో కర్నూలు జిల్లాకు వచ్చినప్పుడు దాని తొలి కేంద్రాల్లో ముఖ్యమైనది ఆళ్లగడ్డ పక్కనే, ఇప్పటి చాగలమర్రి మండలంలో ఉన్న ముత్యాలపాడు. నంద్యాల తర్వాతి కాలంలో పెద్ద కేంద్రమైంది. అక్కడి ఎస్.పి.జి. హైస్కూలు పేరు నేటికీ ఊరివాళ్ల నోట్లో నలుగుతూనే ఉంది. వచ్చిన దొరలు వారానికి రాలేదు. తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడి జ్వరాలు పడ్డారు, కొందరు ఈ మట్టిలోనే కలిసిపోయారు. అయితే ఆ చరిత్రను దొరల చరిత్రగా చదివితే అసలు మనిషి కనపడకుండా పోతాడు. మిషన్ బంగళా నుంచి దొర గుర్రం మీద ఒక ఊరికి వచ్చేది ఎప్పుడో. మిగతా రోజుల్లో ఆ పల్లెలో బడి చెప్పింది, ప్రార్థన నడిపింది, చావులకూ పెళ్లిళ్లకూ నిలబడింది ఉపదేశి. ఎక్కువమంది ఉపదేశులు మాలపల్లెల్లోనో, మాదిగపల్లెల్లోనో పుట్టినవాళ్లు. జీతం స్వల్పం. పగలు పొలం పనికి పోయిన పిల్లలకు రాత్రి దీపం కింద గుణింతం దిద్దించినవాడు అతను. విదేశీ మిషనరీల నివేదికల్లో వాళ్లకు దక్కేది మహా అయితే ఒక వాక్యం. పల్లెల్లో మూడు నాలుగు తరాల చదువు చెట్టు వేరు తవ్వితే మాత్రం చాలాచోట్ల కనిపించేది వాళ్లే. ఈ ప్రాంతపు పూటకూళ్లవాడు ఉపదేశి.

ఉపదేశికీ దొరకూ మధ్య ఉన్న దూరాన్ని నిలదీసినవాడు వి.ఎస్. అజరయ్య. అప్పటి తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో పుట్టిన తమిళుడు, డోర్నకల్‌కు వచ్చి తెలుగువాడైపోయాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడ కూర్చున్న చాలామందికి రుచించలేదు. మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. దాన్ని గౌరవిస్తూనే, భారతీయ సహోదరులతో వాళ్లకు స్నేహం లేదన్నాడు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఇళ్లకు రాకపోకలు, ఒక బల్ల దగ్గర భోజనం ఉండవని వేలెత్తి చూపాడు. సొమ్ము, శ్రమ, చివరికి ప్రాణం కూడా ఇచ్చారు, ఇంక కావలసింది స్నేహితులన్నది ఆయన అడిగినదాని సారం. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. తర్వాతి కాలంలో నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా ఆయన డోర్నకల్ డయోసిస్‌లోకి వచ్చాయి. ఎడిన్‌బరోలో ఆయన పెట్టిన ఫిర్యాదు మూల్యం ఎంతో గమనించాలి. అన్నీ ఇచ్చినవాణ్ని నువ్వు ఇంకా ఒకటి ఇవ్వలేదు అనడం తేలిక కాదు, కృతఘ్నత అనే మాట వెంటనే వచ్చిపడుతుంది. ఆ మాట పడటానికి సిద్ధపడే ఆయన నోరు విప్పాడు. దానం అధికారంగా మారడానికి ఇచ్చేవాడు చెడ్డవాడు కానక్కర్లేదని, తిరిగి ఏమీ పుచ్చుకోకపోతే చాలునని ఆయనకు అనుభవం చెప్పింది.

ఇప్పుడు లూకా పదో అధ్యాయంలోని మొదటి ప్రయాణం దగ్గరికి రావాలి. డెబ్బై మందికి యేసు ఇచ్చిన ఆజ్ఞలు నేటి సేవాయాత్రల సామాను జాబితాకు పూర్తిగా తలకిందులు. డబ్బు సంచి వద్దు, జోలె వద్దు, చెప్పులు వద్దు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండాలి, ఇంకా మంచి ఇల్లు దొరికిందని మారకూడదు. వాళ్లు ఏం పెడితే అది తినాలి, ఏం ఇస్తే అది తాగాలి. రోగులను బాగుచేయమన్న మాట కూడా ఉంది గానీ, అది తినడం తర్వాత వస్తుంది. ఇవి సన్యాసి నియమాలని కొందరు వ్యాఖ్యానిస్తారు. నాకు అంతకంటే తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది. చేతిలో ఏమీ లేని మనిషి ఊరివాళ్ల మీద ఆధారపడక తప్పదు. ఆధారపడ్డవాడు ఊరిమీద పెత్తనం చేయలేడు. పైగా పెట్టింది తినమనే ఆజ్ఞ మన నేల మీద పడితే దానికి వచ్చే అర్థం పాలస్తీనాలో కూడా వచ్చి ఉండదు. ఎవరింట్లో నీళ్లు తాగొచ్చు, ఎవరింట్లో తాగకూడదు అన్నదాని మీదే నిలబడిన ఊళ్లివి. మాదిగపల్లెలో ఒక ఇంటి నట్టింట కూర్చుని జొన్నరొట్టె, ఉల్లికారం తిన్న అతిథి అక్కడ పంచే వంద దుప్పట్ల కంటే పెద్ద పని చేసినట్టు. నంద్యాల లాడ్జిలో దిగి, సీసా నీళ్లు, బిర్యానీ పొట్లాలు వెంట తెచ్చుకుని, పగలు పల్లెలో పంచి సాయంత్రానికి తిరిగిపోయే బృందం, దానికి తెలియకుండానే, ఊరి పాత నియమాన్ని పాటించి వెళుతోంది. ఆరోగ్యం కోసమే అలా చేస్తారు, నిజమే. కాచిన నీళ్లు, వేడి రొట్టె ఏ కడుపునూ పాడుచేయవు. పేదవాళ్ల మీద భోజనం ఖర్చు మోపడం అన్యాయం కదా అంటే, ఖర్చు భరించే మార్గాలు సంఘానికి తెలుసు. బియ్యం, పప్పు ముందే ఆ ఇంటికి చేర్చవచ్చు. వండి వడ్డించే గౌరవం మాత్రం ఆ ఇంటికే దక్కాలి.

ఈ సంగతి క్రైస్తవులకే తెలిసిందనడం కూడా పొరపాటు. ఆళ్లగడ్డకు దగ్గర్లోనే అహోబిలం ఉంది. సంక్రాంతి వేళ అక్కడి నరసింహస్వామి పారువేటకు బయలుదేరి సుమారు నలభై రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు తన పెళ్లికి రమ్మని ఊరూరా పిలుస్తున్నాడని జనం నమ్మకం. కొండ మీది దేవుడు కిందికి దిగి, పల్లకీలో ఊరికి చుట్టమై వచ్చి, వాళ్లు పెట్టిన నైవేద్యం తిని, ఇంకో ఊరికి పోతాడు. ఆ రోజుల్లో ఊరే ఇల్లుగలది, స్వామి అతిథి. బలి చక్రవర్తి కథలోనూ పుచ్చుకునే చెయ్యి విష్ణువుది, పైనున్న చెయ్యి బలిది. ఆ పై చెయ్యి చూసుకుని బలి మురిసిన ముచ్చటను తెలుగు పాఠకుడికి పోతన మరచిపోనివ్వడు. ఆ మురిపెంలో కొంత గర్వం ఉందని కూడా తెలుస్తూనే ఉంటుంది. అతిథిని దేవుడిగా చూడమన్న తైత్తిరీయోపనిషత్తు పాఠాన్ని గోడల మీద రాసుకుంటాం. అదే పాఠంలో, ఇచ్చేవాడు సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి అని కూడా ఉంది. ఆ భాగం ఏ హోటలు గోడ మీదా కనపడదు. ఇచ్చేటప్పుడు సిగ్గెందుకు? నా దగ్గర ఎక్కువ, నీ దగ్గర తక్కువ ఉండటంలో నా గొప్పేమీ లేదు గనుక. ఈ సిగ్గు లేని దానం ఫొటోకు నిలబడుతుంది.

సరే, సిద్ధాంతం బాగుంది, ఆచరణలో ఇలా ఎవరైనా చేశారా అంటే, నల్లమల అవతల ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1876–78 కరువులో కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు అల్లాడిపోయాయి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టును ఆయన ప్రభుత్వం నుంచి తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు గడ్డపార, తట్ట ఇచ్చి పని చూపించి, కూలి లెక్కగట్టి ఇచ్చాడు. తిన్న అన్నం వాళ్ల చెమటది. అంతకంటే ముఖ్యమైనది ఆయన చేయని పని. కరువు రోజుల్లో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను ఆగమన్నాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, నిజంగానే అలా మారకూడదని. కరువు సహాయం ఆగాక కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులు. ఆ గుండ్లకమ్మ పుట్టింది మన నల్లమలలో, గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర. ఈ ఉద్యమానికి తొలి విత్తనం వేసింది కూడా క్లౌ కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి. యోగమార్గపు గురువుల దగ్గర నేర్చుకుని, అక్కడ తీరని దాహంతో తనంతట తానే వెతుక్కుంటూ వచ్చాడు, తర్వాత తన వ్యాపారపు దారుల వెంటే ఊరూరా మాట చేరవేశాడు. విదేశీయుడు గొప్పవాడైంది పేరయ్యను గుర్తుపట్టి అతని వెనక నడవగలిగినందువల్ల. కాలువ కూలి, ఆపిన బాప్తిస్మం, తెలుగు బోధకులు అనే ఈ మూడింటిలోనూ కనిపించేది ఒకటే, ఇచ్చే చెయ్యి తన పట్టు తానే సడలించుకోవడం.

నేటి యాత్రల్లో ఎక్కువ గౌరవం దక్కేది వైద్య శిబిరానికి. దాన్నే పరీక్షగా పెట్టి చూద్దాం. రక్తపోటు, మధుమేహం ఉన్న ముసలమ్మ శిబిరానికి వస్తుంది. పరీక్ష చేస్తారు, పది రోజులకో నెలకో మాత్రలు ఇస్తారు. ఆమె జబ్బు ఆమె బతికున్నన్నాళ్లూ ఉంటుంది. మాత్రలు అయిపోయాక ఏమవుతుంది? ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఉన్నారు, దగ్గర్లో పీహెచ్‌సీ ఉంది. అక్కడ వేరే పేరున్న మాత్ర ఇస్తారు. పట్నం డాక్టరు ఇచ్చిందే మంచిదని ఆమె దాన్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అంటే ఒకరోజు శిబిరం ఆమెకు పది రోజుల మందుతోపాటు ఊళ్లో ఉండే నర్సు మీద ఒక అపనమ్మకాన్ని కూడా ఇచ్చి వెళ్లింది. కంటి శస్త్రచికిత్స కథ వేరే. శుక్లం తీయగల సర్జను ఒక వారం వచ్చి ఎన్నో కళ్లకు చూపు తెప్పించగలడు, ఆ నైపుణ్యాన్ని ఊళ్లో అప్పటికప్పుడు తయారుచేయలేం. కానీ ఆపరేషను తర్వాత వారాల తరబడి చుక్కలు వేయాలి, ఎర్రబడితే గుర్తుపట్టాలి, చీము పడితే ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి. ఆ పని చేసే స్థానిక ఆసుపత్రి పిలిస్తేనే సర్జను రావాలి. అప్పుడది మంచి యాత్ర. తేడా సర్జను చేతిలో లేదు, అతను వెళ్లాక మిగిలే ఏర్పాటులో ఉంది. వచ్చేవాడికి ఊళ్లో లేని విద్య ఏదైనా ఉందా, అది మిగిలిపోయేవాళ్లకు అంటుకుంటుందా? గోడకు రంగు వేయడం ఆళ్లగడ్డలో రానివాళ్లెవరు? రాతికి ప్రాణం పోసే శిల్పులున్న ఊరది. పనిలేక కూర్చున్న పెయింటరు చూస్తుండగా పట్నం పిల్లలు బ్రష్షు పట్టడంలో సేవ ఎవరికి?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది. ఆకలిగొన్నవాడికి గరిటె ఎవరి చేతిలో ఉంటేనేం? మర్యాదల చర్చ కడుపు నిండినవాళ్లది. విపత్తు విషయంలో ఈ మాటకు నేను తల వంచుతాను. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచెత్తినప్పుడు ఎవరు పులిహోర పొట్లం తెచ్చినా, ఏ జెండా కింద తెచ్చినా మంచిదే. మన సీమకు దీనిలో సొంత పురాణమే ఉంది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో గంజి కాయించి వేలమందిని బతికించాడు. విక్టోరియా మహారాణి నుంచి పతకం వచ్చింది. పతకాన్ని మించి, జానపదుల పాటల్లో చోటు దొరికింది. ఆయన ఏ విదేశం నుంచీ రాలేదు. తన గాదె తెరిచాడు, కరువు పోయాక కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు. రేపు ఎదురుపడే మనుషులకు పెట్టాడు. అదీ ఒకరకంగా పెత్తందారు దానమే, ఆ రోజుల రెడ్డి గాదె ఎలా నిండేదో కూడా అడగాల్సిందే. అయినా దాతను నిలదీయడానికి ఊరికి అతను దొరుకుతాడు. సేవాయాత్రలు ఎక్కువగా వెళ్లేది విపత్తుకు కాదు, రోజువారీ పేదరికానికి. అది వరద కాదు, భూమి, కూలి, చదువు, కులం కలిసి పెంచిన జబ్బు. అక్కడ గరిటె ఎవరిదన్నదే సగం జబ్బు.

రెండో అభ్యంతరం యాత్రికుల వైపు నుంచి వస్తుంది. పల్లెకు ఏం ఒరిగినా ఒరగకపోయినా మా పిల్లలు మారతారు, జీవితాంతం పేదలను మరచిపోరు అంటారు. ఇది పరిశీలించదగ్గ మాటే, పరిశీలించినవాళ్లు ఉన్నారు కూడా. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ధ్వంసం చేశాక ఉత్తర అమెరికా సంఘాల బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి, స్థానిక సంస్థలు కూడా కట్టాయి. కర్ట్ వర్ బీక్ అనే క్రైస్తవ సామాజిక శాస్త్రవేత్త రెండు రకాల ఇళ్లలో ఉన్న కుటుంబాలనూ, వెళ్లొచ్చిన యాత్రికులనూ అడిగి చూశాడు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరు కట్టారన్నదాని వల్ల పెద్ద తేడా పడలేదు. యాత్రికులు తమ జీవితం మారిందని చెప్పుకున్నారు, వాళ్ల విరాళాల లెక్కలు మాత్రం ఆ మార్పు నిలిచినట్టు చూపలేదు. ఒక పరిశోధనతో ప్రపంచం తేలిపోదు, ఒప్పుకుంటాను. ఒకవేళ నిజంగానే మారినా ఇంకో చిక్కు మిగులుతుంది. ఒక పల్లె పేదరికాన్ని మన పిల్లల పాఠ్యపుస్తకంగా వాడుకోవచ్చా? కాథలిక్ గురువు ఇవాన్ ఇల్లిచ్ 1968లో మెక్సికోలో అమెరికన్ విద్యార్థి సేవకుల ముఖం మీదే ఈ ప్రశ్న వేశాడు. సాయం చేయడానికి రావద్దు, చూడటానికి, నేర్చుకోవడానికి కావాలంటే రండి అన్న ధోరణి ఆయనది. ఆయన కోపం న్యాయమైనదే గానీ ఆయన ముగింపు నాకు చాలదు. చూడటానికి వచ్చేవాడు పర్యాటకుడు, అతనికి ఊరి మీద బాధ్యత లేదు. అతిథికి ఉంది. తిన్న ఇంటి కష్టసుఖాలు అతనికి పడతాయి, తిరిగి వెళ్లాక ఆ ఇంటి పిల్లవాడి ఫీజు గురించి ఫోను వస్తే ఎత్తక తప్పదు.

మూడో అభ్యంతరం బయటివాళ్లది. సేవ అంతా ఎర, అసలు పని మతమార్పిడి అంటారు. ఈ ఆరోపణలో ఒక నిజం, ఒక అవమానం కలిసి ఉన్నాయి. నిజమేమిటంటే, దుప్పటి కోసం నిలబడ్డ వరుసా, ప్రార్థన కోసం తల వంచిన వరుసా ఒకటే అయినప్పుడు ఆ తల ఎందుకు వంగిందో వంచినవాడికి కూడా తెలియదు. క్లౌ ఈ చిక్కును కరువులోనే గ్రహించాడు, అతని వారసులమనుకునేవాళ్లు చాలామంది మరచిపోయారు. ఇచ్చే చోట బోధ పెట్టకూడదు, బోధించే చోట ఏమీ పంచకూడదు. ఇంత కచ్చితమైన గీత లేకుండా ఈ ఆరోపణను కాదనే హక్కు క్రైస్తవులకు రాదు. చట్టం కూడా ఇక్కడ స్పష్టంగానే ఉంది. పర్యాటక వీసా మీద వచ్చి మతబోధ చేయకూడదు, ఓసీఐ కార్డున్న తెలుగువాడైనా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అవమానం ఎక్కడుందంటే, పేదవాడు దుప్పటికి దేవుణ్ని మార్చుకుంటాడన్న ఊహలో. పేరయ్య ఎవరి దుప్పటికీ రాలేదు. లెక్క చూస్తే, ఈ నేల మీద దళితుడు క్రైస్తవుడు కావడం లాభం కంటే నష్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా అతనికి ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తెరిచారు గానీ క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో అతను బీసీ–సి కింద, ఒక్క శాతం వాటాలో సర్దుకోవాలి. అంటరానితనం మాత్రం సర్టిఫికెట్ చూసి ఆగదు. ఈ మూల్యం చెల్లించేది పల్లె మనిషి, వారానికి వచ్చి చేతులెత్తించి లెక్క రాసుకుపోయేవాడు కాదు. తాను చెల్లించని ధరకు ఇంకొకరి చేత సంతకం పెట్టించడం లాంటి పని ఇది. ఆ నిర్ణయం వైపు నడిపించే హక్కు ఏమైనా ఉంటే, ఆ ధరను రోజూ పక్కనుండి మోసే పాస్టరుకే ఉంది.

చివరిది, నా వాదానికే తగిలే అభ్యంతరం. ఉండిపోయినవాళ్లు మాత్రం పెత్తనం చేయలేదా? చేశారు. మిషన్ బంగళా, ప్రహరీ, గ్రాంటు, ఉద్యోగం ఇవన్నీ తరాల తరబడి జనాన్ని ఒకరి గుమ్మం ముందు నిలబెట్టాయి. సంఘాల్లో మాల మాదిగ భేదాలు పోలేదు, కొన్నిచోట్ల ఏ మిషన్ ఏ పల్లెకు వెళ్లిందన్నదాన్ని బట్టి గట్టిపడ్డాయి కూడా. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరడానికి ఒప్పుకోలేదు. 1963లో విడిగా నంద్యాల డయోసిస్ ఏర్పడింది, సి.ఎస్.ఐ.లో కలవడం ఆ తర్వాతి మాట. ఆ నిరాకరణలో ఆరాధన క్రమం మీద మమకారం ఎంత, కులం లెక్కలు ఎంత, గ్రాంటు భయం ఎంత అని ఎన్నాళ్లైనా తర్కించవచ్చు. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. పెద్దలు కలవమన్నప్పుడు పల్లె సంఘాలు కాదన్నాయి. తప్పో ఒప్పో, కాదనగలిగాయి. దానం పుచ్చుకున్న సమూహంలో ఆ శక్తి ఎలా మిగిలిందన్న ప్రశ్నకు పూర్తి జవాబు దొరకదు గానీ, చదువు నేర్పిన ఉపదేశులకు అందులో వాటా ఉందనుకుంటాను. ఉండిపోవడం ఒక్కటే చాలదు. ఉండేవాడు ఊరికి జవాబుదారీ కావాలి, ఊరు అతనికి వద్దని చెప్పగలగాలి.

ఈ వద్దు అనే మాట దగ్గరే నేటి యాత్రలు ఎక్కువగా తప్పుతాయి. పల్లె పాస్టరుకు పట్నం సంఘం నుంచి నెలనెలా కొంత సాయం వస్తుంటుంది. ఆ సంఘమే ఒకరోజు ఫోను చేసి, జనవరి సెలవుల్లో ఇరవై మందిమి వస్తున్నాం, ఏర్పాట్లు చేయండి అంటుంది. అతను రండి అంటాడు. ఇంకేమనగలడు? లూకా పదో అధ్యాయంలో పంపబడినవాళ్లకు యేసు ముందే చెప్పాడు, మిమ్మల్ని చేర్చుకోని ఊరు కూడా ఉండవచ్చు, అక్కడ కాళ్లధూళి దులుపుకుని వెళ్లిపోండి అని. దాన్ని శాపంగా చదవడం అలవాటు. అందులో ఊరికి తలుపు వేసుకునే స్వేచ్ఛ ఉందన్న సంగతి కూడా చదవాలి, బలవంతంగా లోపలికి పోయే మార్గమేదీ అక్కడ చెప్పలేదు. కాబట్టి పట్నం సంఘం చేయవలసిన మొదటి పని, నెలసాయానికీ యాత్రకూ మధ్య ముడి తెంపడం. రాకపోయినా డబ్బు ఆగదని ముందు కాగితం మీద రాసి ఇచ్చి, తర్వాత రావచ్చా అని అడగాలి. అప్పుడు వచ్చే జవాబు పాస్టరుది అవుతుంది. జనవరిలో శనగ కోతలు, పగలు పల్లెలో ఎవరూ ఉండరు, రావద్దు, ఆ ప్రయాణపు ఖర్చులో సగంతో సాయంత్రం బడి చెప్పే అమ్మాయికి ఏడాది జీతం వస్తుంది అని అతను చెప్పవచ్చు. లేదా ఇద్దరు చాలు, మా ఇంట్లోనే దిగండి, పది రోజులుండి మా పిల్లలకు లెక్కలు చెప్పండి, కూటం మేమే పెట్టుకుంటాం అనవచ్చు.